సరాఫ్ బల్ల నుంచి ఖలీఫా దర్బారు దాకా... స్నేహ సంఖ్యల సూత్రం చెప్పిన సాబిత్ బిన్ ఖుర్రా

17,296. పైకి చూస్తే మామూలు అంకె. కరెంటు బిల్లు మీద కనపడినా, రిజిస్టర్‌లో కనపడినా ఎవరూ రెండోసారి చూడరు. కానీ ఈ సంఖ్యను శేషం లేకుండా భాగించే చిన్న సంఖ్యలన్నీ, అంటే స్కూల్లో చెప్పే కారణాంకాలన్నీ, వరుసగా రాసి కూడితే 18,416 వస్తుంది. ఇప్పుడు 18,416 కారణాంకాలను అలాగే రాసి కూడండి. తిరిగి 17,296 వస్తుంది. ఒకదాని లోపల ఇంకోటి దాగి ఉందన్నమాట.

ఇలాంటి జంటలను అరబ్బీలో 'అల్ ఆదాద్ అల్ ముతహాబ్బా' అన్నారు. ఒకదాన్నొకటి ప్రేమించుకునే సంఖ్యలు అని అర్థం. తెలుగులో స్నేహ సంఖ్యలు అంటున్నాం. యూరప్ పుస్తకాల్లో 17,296 జంటకు చాలాకాలం ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా పేరే ఉండేది. ఆ జంటను పట్టుకునే దారిని మాత్రం ఫెర్మాకు ఏడు వందల ఏళ్లకు పైగా ముందే బాగ్దాద్‌లో ఒకాయన రుజువుతో సహా రాసిపెట్టాడు. ఆయన పేరు సాబిత్ బిన్ ఖుర్రా. ఒకప్పుడు డబ్బులు మార్చుకునే సరాఫ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషి.

హర్రాన్ కుర్రాడు

సాబిత్ పుట్టింది హర్రాన్‌లో. ఈ ఊరు ఇప్పుడు టర్కీ దేశంలో, సిరియా సరిహద్దుకు దగ్గరలో ఉంది. ఆయన పుట్టిన సంవత్సరాన్ని కొందరు క్రీ.శ. 826 అంటారు, కొందరు 836 అంటారు. అప్పటికి బాగ్దాద్‌లో అబ్బాసీ ఖిలాఫత్ నడుస్తోంది. గ్రీకు, సురియానీ, పహ్లవీ, సంస్కృత గ్రంథాలు అరబ్బీలోకి వస్తున్న కాలం అది.

సాబిత్ ముస్లిం కుటుంబంలో పుట్టలేదు. హర్రాన్‌లో నక్షత్రాలను పూజించే ఒక పాత సమాజం ఉండేది. ఖుర్ఆన్‌లో ప్రస్తావన ఉన్న సాబియీన్ అనే పేరుతో వాళ్లు తమను చెప్పుకునేవారు. సాబిత్ ఆ సమాజానికి చెందినవాడు. నక్షత్రాల కదలికలు లెక్కకట్టడం వాళ్ల ఆచారంలోనే భాగం కాబట్టి ఆ ఊళ్లో గణితం, ఖగోళం తెలిసినవాళ్లకు కొదవ లేదు. ఇంట్లో సురియానీ మాట్లాడేవాళ్లు. గ్రీకు నేర్చుకున్నాడు. అరబ్బీ వచ్చు. బతుకుతెరువుకు మాత్రం సరాఫ్ పని. ఏ ఊరి నాణెం ఎంత బరువు, ఎన్ని దిర్హంలకు ఒక దీనారు, ఎంత వాటం పోతుంది... ఇలా రోజంతా లెక్కలే.

ఆ తర్వాత సొంత సమాజంతోనే ఆయనకు గొడవ వచ్చింది. మత విషయాల్లో సాబిత్ ఆలోచనలు పెద్దలకు నచ్చలేదని, ఆయన్ను ఆలయంలోకి రానివ్వలేదని పాత చరిత్రకారులు రాశారు. ఒకసారి వెనక్కి తగ్గాడు. మళ్లీ అవే మాటలు మాట్లాడాడు. మళ్లీ తలుపులు మూసేశారు. దాంతో హర్రాన్ విడిచి కఫర్‌తూసా అనే ఊరికి వెళ్లి అక్కడ ఉండిపోయాడు. పుట్టిన ఊరూ అయినవాళ్లూ దూరమయ్యారు. చేతిలో ఉన్నదల్లా మూడు భాషలు, లెక్కల మీద పట్టు.

బాగ్దాద్ పిలుపు

ఆ రోజుల్లో బాగ్దాద్‌లో బనూ మూసా అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. ముహమ్మద్, అహ్మద్, హసన్. ముగ్గురూ లెక్కల్లో, యంత్రాల్లో ఆరితేరినవాళ్లు. డబ్బున్నవాళ్లు కూడా. పాత గ్రంథాల కోసం రోమ్ రాజ్యానికి, అంటే బైజాంటైన్ ప్రాంతాలకు మనుషుల్ని పంపేవారు, తామూ వెళ్లేవారు. అలా వెళ్లి తిరిగొస్తున్న ముహమ్మద్ బిన్ మూసాకు దారిలో సాబిత్ పరిచయమయ్యాడు. ఇన్ని భాషలు, ఇంత తెలివి ఉన్న మనిషిని వదల్లేక తనతో పాటు బాగ్దాద్‌కు తీసుకొచ్చి తన ఇంట్లోనే ఉంచి చదివించాడు.

బనూ మూసా సోదరులు అనువాదకులకు నెలకు సుమారు 500 దీనార్లు ఖర్చుపెట్టేవారని ఇబ్న్ నదీమ్ తన గ్రంథసూచిలో రాశాడు. ఆ డబ్బు అందుకున్నవాళ్లలో హునైన్ బిన్ ఇస్‌హాఖ్‌తో పాటు సాబిత్ పేరు కూడా ఉంది. నాణేలు మార్చిన చెయ్యి ఇప్పుడు భాషలు మార్చడం మొదలుపెట్టింది.

ఆ చేతి మీదుగా వచ్చిన పుస్తకాల పట్టీ చిన్నది కాదు. యూక్లిడ్ రేఖాగణితాన్ని ఇస్‌హాఖ్ బిన్ హునైన్ అనువదిస్తే సాబిత్ సరిదిద్దాడు. నికొమాకస్ రాసిన సంఖ్యల పుస్తకాన్ని అరబ్బీ చేశాడు. ఆర్కిమెడిస్ గ్రంథాలు అనువదించాడు. అపొలోనియస్ రాసిన శాంకవాల గ్రంథంలో 5, 6, 7 భాగాల గ్రీకు మూలం ఈ రోజు ప్రపంచంలో ఎక్కడా లేదు. అవి మిగిలింది సాబిత్ అరబ్బీ అనువాదం వల్లే. ఆ పని జరగకపోతే ఆ మూడు భాగాలూ పోయినట్టే.

అనువాదం ఆయనకు మొదటి మెట్టు మాత్రమే. పుస్తకం చదువుతున్నప్పుడు ఇక్కడ ఏం చెప్పలేదు అనేది వెతకడం ఆయన అలవాటు. స్నేహ సంఖ్యల కథ అక్కడే మొదలైంది.

పూర్వులు వదిలేసిన ప్రశ్న

6 కారణాంకాలు 1, 2, 3. కూడితే 6. 28 కారణాంకాలు 1, 2, 4, 7, 14. కూడితే 28. వీటిని పరిపూర్ణ సంఖ్యలు అంటారు. వీటిని తయారుచేసే నియమాన్ని యూక్లిడ్ రుజువుతో ఇచ్చాడు. నికొమాకస్ కూడా వీటి గురించి రాశాడు.

స్నేహ సంఖ్యల విషయం వేరు. గ్రీకులకు తెలిసిన జంట ఒక్కటే. 220, 284. ఇందులో 220 కారణాంకాలు 1, 2, 4, 5, 10, 11, 20, 22, 44, 55, 110. కూడితే 284. ఇక 284 కారణాంకాలు 1, 2, 4, 71, 142. కూడితే 220. దీన్ని పైథాగరస్ పేరుతో చెప్పుకునేవారు. ఇంకో జంట ఉందా? ఉంటే ఎలా పట్టుకోవాలి? యూక్లిడ్ చెప్పలేదు, నికొమాకస్ చెప్పలేదు. ఇద్దరి పుస్తకాలూ అక్షరం అక్షరం చదివిన సాబిత్‌కు ఆ ఖాళీ కనపడింది. వాళ్లు పరిపూర్ణ సంఖ్యల గురించే పట్టించుకున్నారని, ఈ రెండో రకాన్ని వదిలేశారని గుర్తించి దాని మీదే ఒక గ్రంథం రాశాడు.

ఒక్కో సంఖ్యా తీసుకుని కారణాంకాలు కూడుకుంటూ వెతకొచ్చు కదా అనిపించవచ్చు. 284 దాటాక 17,296 దాకా అలా వెళ్లాలంటే పదిహేడు వేల సంఖ్యల కారణాంకాలు రాయాలి. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. అందుకే సాబిత్ వెతకలేదు. తయారుచేసే దారి కనిపెట్టాడు.

సూత్రం ఏమిటి?

సాబిత్ సూత్రం కూడిక, గుణకారం వచ్చిన ఎవరికైనా అర్థమవుతుంది. ముందుగా రెట్టింపు సంఖ్యలు రాసుకోవాలి. 2, 4, 8, 16, 32, 64, 128... వీటిలో పక్కపక్కన ఉన్న రెండు తీసుకోవాలి. ఉదాహరణకు 8, 16. రెండింటినీ మూడుతో గుణిస్తే 24, 48. ఒక్కోదాంట్లో ఒకటి తీసేస్తే 23, 47. ఇప్పుడు 24ను 48తో గుణిస్తే 1,152. అందులోనూ ఒకటి తీసేస్తే 1,151.

ఇక్కడ ఒక షరతు ఉంది. 23, 47, 1,151 మూడూ ప్రధాన సంఖ్యలై ఉండాలి. అంటే ఒకటితో, తమతో తప్ప ఇంక దేనితోనూ భాగం పోకూడదు. 23, 47 సంగతి చిన్నపిల్లలు కూడా చెబుతారు. 1,151ను 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31 లతో భాగించి చూస్తే చాలు. దేనితోనూ పోదు. షరతు నెరవేరింది. ఇప్పుడు 16ను 23తో, 47తో గుణిస్తే 17,296. అదే 16ను 1,151తో గుణిస్తే 18,416. జంట దొరికింది.

ఇది ఎందుకు పనిచేస్తుంది? వ్యాపారం తెలిసినవాళ్లకు జమా, ఖర్చు రెండు వైపులా ఒకే మొత్తం రావడం తెలుసు. ఇదీ అలాంటిదే. 16 భాగాలు 1, 2, 4, 8, 16 కూడితే 31. ప్రధాన సంఖ్య భాగాలు రెండే, ఒకటీ తనూ. కాబట్టి 23 వైపు మొత్తం 24, 47 వైపు మొత్తం 48, 1,151 వైపు మొత్తం 1,152. ఒక సంఖ్యను ఇలా ముక్కలుగా విడదీస్తే ఆ ముక్కల మొత్తాలను గుణించినప్పుడు ఆ సంఖ్య కారణాంకాలన్నిటి మొత్తం, ఆ సంఖ్యతో కలిపి, వచ్చేస్తుంది. మొదటి సంఖ్యకు 31 × 24 × 48. రెండోదానికి 31 × 1,152. 24 × 48 అంటే 1,152 కదా, అందుకే రెండు వైపులా ఒకటే మొత్తం వచ్చింది, 35,712. మరి 17,296, 18,416 కూడితే ఎంత? అదీ 35,712 యే. ఆ మొత్తంలోంచి ఒకటి తీస్తే మిగిలేది రెండోది. ఖాతా సరిపోయింది.

చేత్తో చూసుకోవాలంటే రెండో సంఖ్య సులువు. 18,416 కారణాంకాలు తొమ్మిదే. 1, 2, 4, 8, 16, 1,151, 2,302, 4,604, 9,208. కూడి చూడండి, 17,296 వస్తుంది.

ఈ సూత్రం ప్రతిసారీ జంట ఇవ్వదు. 2, 4 తీసుకుంటే 5, 11, 71 వచ్చి పాత 220, 284 జంట దొరుకుతుంది. 4, 8 తీసుకుంటే 11, 23, 287 వస్తాయి. 287 అంటే 7 × 41. ప్రధాన సంఖ్య కాదు కాబట్టి జంట లేదు. 16, 32 దగ్గర 95 అడ్డుపడుతుంది, అది 5 × 19. 32, 64 దగ్గర కూడా అదే 95. మళ్లీ 64, 128 దగ్గర 191, 383, 73,727 మూడూ ప్రధాన సంఖ్యలే. అక్కడ వచ్చే జంట 93,63,584, 94,37,056.

సాబిత్ ఇదంతా ఉదాహరణలతో నమ్మించలేదు. యూక్లిడ్ పద్ధతిలో మెట్టు మెట్టుగా రుజువు చేశాడు. ఒక నాణెం గీటురాయి మీద నిలిస్తే ఆ నాణెం వరకే మంచిదని తెలుస్తుంది. రుజువు ఉంటే ముందు ముందు వచ్చే ప్రతి జంటకూ అది పనిచేస్తుంది.

తావీజుల్లోకి వెళ్లిన జంట

220, 284 గురించి జనానికి ఇంకో రకం మోజు కూడా ఉండేది. స్నేహం పెంచే సంఖ్యలు కాబట్టి మనుషుల మధ్య కూడా ప్రేమ పుట్టిస్తాయని కొందరు నమ్మారు. తావీజులు, తిలస్మాతులు చేసేవాళ్లు ఈ రెండు అంకెలను ఎలా వాడేవారో ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో రాశాడు. సాబిత్ తర్వాత అయిదు వందల ఏళ్లకు కూడా ఆ నమ్మకం పోలేదన్నమాట.

రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. తావీజు రాసేవాడికి 220, 284 చాలు. ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ రాస్తాడు. సాబిత్ ఇవి ఎందుకు ఇలా ఉన్నాయి అని అడిగాడు. ఆ ప్రశ్న నుంచే 17,296 వచ్చింది.

ఖైదులో ఉన్న యువరాజు

బాగ్దాద్‌లో సాబిత్ జీవితం పుస్తకాలతోనే గడిచిపోలేదు. అబ్బాసీ వంశపు యువరాజు అహ్మద్‌ను తండ్రి మువఫ్ఫఖ్ కోపంతో ఇస్మాయీల్ బిన్ బుల్బుల్ అనే వజీరు ఇంట్లో నిర్బంధించాడు. అలాంటి సమయంలో ఆ యువరాజుతో కనిపించడం ఎవరికీ మంచిది కాదు. సాబిత్ మాత్రం రోజుకు మూడుసార్లు వెళ్లి ఆయన దగ్గర కూర్చునేవాడని, రేఖాగణితం, నక్షత్రాలు, తత్వశాస్త్రం మాట్లాడి ఆయన మనసు తేలిక చేసేవాడని చరిత్రకారులు రాశారు.

ఆ యువరాజే 892లో ఖలీఫా అల్ ముతజిద్ అయ్యాడు. ఖైదులో పలకరించిన మనిషిని మరిచిపోలేదు. సాబిత్‌కు దర్బారులో వజీర్లకు కూడా దక్కనంత చనువు ఇచ్చాడు, భూములు ఇచ్చాడు. ఒకసారి ఇద్దరూ తోటలో నడుస్తుండగా ఖలీఫా తన చెయ్యి సాబిత్ చేతి మీద ఆనించాడట. ఉన్నట్టుండి చెయ్యి లాగేసుకున్నాడు. సాబిత్ కంగారుపడ్డాడు. పరధ్యానంలో తన చెయ్యి పైన ఉంచానని, ఇల్మ్ ఉన్నవాడి చెయ్యి కింద ఉండకూడదని ఖలీఫా చెప్పాడని పాత పుస్తకాల్లో ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటి ఉంది. సాబిత్ చివరిదాకా సాబియీగానే ఉన్నాడు. ఖలీఫా ముస్లిం. చదివించిన బనూ మూసా సోదరులు ముస్లింలు. సాటి అనువాదకుడు హునైన్ క్రైస్తవుడు. సొంత ఊరి ఆలయం తలుపు మూసేసిన మనిషికి బాగ్దాద్‌లో చదువుకునే ఇల్లు దొరికింది.

సాబిత్ ఖగోళం మీద రాశాడు, వైద్యం మీద రాశాడు, త్రాసు ఎలా తూగుతుందో లెక్కకట్టి ఒక పుస్తకం రాశాడు. పైథాగరస్ సిద్ధాంతం లంబకోణ త్రిభుజాలకే కాక అన్ని త్రిభుజాలకూ ఎలా వర్తిస్తుందో చూపించాడు. హిజ్రీ 288లో, అంటే క్రీ.శ. 901 ఫిబ్రవరిలో బాగ్దాద్‌లోనే కన్నుమూశాడు.

కొడుకు, మనవడు, హైదరాబాద్

కొడుకు సినాన్ బిన్ సాబిత్ పెద్ద హకీం అయ్యాడు. ఒక వైద్యుడి పొరపాటు వల్ల రోగి చనిపోతే 931లో ఖలీఫా ముఖ్తదిర్ బాగ్దాద్ వైద్యులందరికీ పరీక్ష పెట్టమన్నాడు. ఆ బాధ్యత అప్పగించింది సినాన్‌కే. తర్వాత సినాన్ ఇస్లాం స్వీకరించాడు. మనవడు ఇబ్రాహీం బిన్ సినాన్ తాత దారిలో గణితవేత్త అయ్యాడు. నలభై నిండకుండానే 946లో చనిపోయాడు.

ఆ మనవడి రచనలు అచ్చులో వచ్చింది మన హైదరాబాద్‌లో. అరబ్బీ వ్రాతప్రతులు వెలికితీసి అచ్చువేసే దాయిరతుల్ మఆరిఫ్ 1948లో ఇబ్రాహీం బిన్ సినాన్ గణిత రసాయిల్ ప్రచురించింది. ఇంకో పేరు కూడా ఇక్కడ కలుస్తుంది. ఇరాన్‌కు చెందిన కమాలుద్దీన్ ఫారిసీ. ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో వివరించిన శాస్త్రవేత్త. 1320కి కాస్త ముందు చనిపోయాడు. ఆయన కాంతిశాస్త్ర గ్రంథాన్ని 1928-30లో అచ్చువేసింది కూడా దాయిరతుల్ మఆరిఫే.

17,296, 18,416 జంటను సాబిత్ సూత్రంతో లెక్కకట్టి రాసినవాడు ఈ ఫారిసీయే. సాబిత్ సిద్ధాంతానికి తనదైన కొత్త రుజువు కూడా ఇచ్చాడు. దాదాపు అదే కాలంలో మొరాకోలోని మరాకష్‌లో ఇబ్న్ అల్ బన్నా కూడా అదే జంటను రాశాడు. 93,63,584 జంటను ఇరాన్‌లో ముహమ్మద్ బాఖిర్ యజ్దీ లెక్కకట్టాడు.

యూరప్‌కు ఇవేవీ తెలియవు. ఫెర్మా 1636లో 17,296 జంటను, డెకార్ట్ 1638లో 93,63,584 జంటను సొంతంగా కనుగొన్నారు. ఇద్దరూ చేరుకున్న సూత్రం సాబిత్ సూత్రమే. వాళ్లు దొంగిలించారని ఎవరూ అనడం లేదు. తెలియక మళ్లీ తవ్వుకున్నారు. 1852లో వోప్కే అనే జర్మన్ పండితుడు సాబిత్ గ్రంథం గురించి పారిస్‌లో ప్రచురించాక గానీ అసలు సంగతి అక్కడివాళ్లకు తెలియలేదు.

సాబిత్ సూత్రానికి హద్దు కూడా ఉంది. దాంతో ఇప్పటిదాకా దొరికినవి ఆ మూడు జంటలే. వేరే దారుల్లో ఆయిలర్ 1747లో ముప్పై జంటల పట్టిక ఇచ్చాడు. 1866లో ఇటలీకి చెందిన 16 ఏళ్ల పగానినీ 1,184, 1,210 జంటను బయటపెట్టాడు. అంత చిన్న జంట పెద్దపెద్దవాళ్లందరి కళ్లూ దాటిపోయింది. ఈ రోజు కంప్యూటర్లతో కోట్లాది జంటలు దొరికాయి. స్నేహ సంఖ్యలకు అంతు ఉందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా రుజువు లేదు. సాబిత్ గ్రంథం రాసి పదకొండు వందల ఏళ్లు దాటింది. ఇంట్లో లెక్కలంటే ఇష్టం ఉన్న పిల్లలు ఉంటే 18,416 తొమ్మిది కారణాంకాలు వాళ్లకు రాసిచ్చి, 17,296 పందొమ్మిది కారణాంకాలు వాళ్లనే వెతకమనండి.